మూడో పిలుపు తర్వాత

కుర్చీ అయితే ఇచ్చారు గానీ దానిలో ఎలా కూర్చోవాలో ఈదమ్మకు తోచలేదు. వెనక్కి ఆనుకుంటే తనింట్లో కూర్చున్నట్టుంటుంది, ముందుకు జరిగితే ఎవరు లెమ్మంటారో అని కాచుకున్నట్టుంటుంది, చివరికి అంచు మీదే ఒదిగింది, చేతులు ఒళ్లో పెట్టుకుని, కొంగు చెవుల చుట్టూ తిప్పుకుని. పక్క కుర్చీలో ఆమె ఆడబిడ్డ యాదవ్వ కాళ్లు రెండూ పైకి ముడుచుకుని, వక్కాకు నములుతూ, ఈ బహదూర్‌పల్లి కాలనీ అంతా తన పేర రాసిచ్చినట్టు కూర్చుంది. స్టేజీ మీద ఎవరో మైకును వేలితో తడుతున్నాడు, టప్ టప్, ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు, మూడు దాకా లెక్కబెట్టి మళ్లీ మొదటికి వస్తాడేమిటి, మూడు తర్వాత ఏమీ లేనట్టు. మూడు తర్వాతే కదా అసలు సంగతి. మూడోసారి పిలిచాక ఆగుతారా, ఆగరా. అసలు పిలుస్తారా. పాట పాడే హర్ష ఇంకా బయటికి రాలేదు. స్టేజీ వెనక తెర కిందినుంచి కాళ్లు కనబడుతున్నాయి, ఆ తెల్లబూట్లు హర్షవే, అటు నాలుగడుగులు నడుస్తున్నాయి, ఆగుతున్నాయి, ఇటు తిరుగుతున్నాయి. మధ్యాహ్నం వాళ్లమ్మ వేయించుకున్న ఒట్టు ఆ బూట్లలో రాయిలా గుచ్చుకుంటూ ఉండాలి.

చెడ్డ మనిషి కాదు హర్ష తల్లి బాలాత్రిపురసుందరమ్మ. భీమవరం వైపునుంచి వచ్చి ఈ కాలనీలో ఇల్లు కట్టుకున్నవాళ్లు, ఆయనది ఉద్యోగం, ఒక్కడే కొడుకు. కబురుపెట్టి పిలిపించి, వంటింట్లో పీట వేసి, తాను తాగే గ్లాసు లాంటి గ్లాసులోనే కాఫీ పోసి, ఎదురుగా నేల మీద కూర్చుని అడిగింది. కాఫీ వేడిగా ఉంది, గ్లాసు పట్టుకోవడానికి కొంగు చుట్టుకోవలసి వచ్చింది, ఆ కొంగు మీద ఇంకా కాఫీ మరక ఉంది చూడు. "ఈదమ్మా, ఏమీ అనుకోకు. నిన్న ప్రాక్టీసులో పాట మొదటిసారి పూర్తిగా విన్నాను. మధ్యలో అన్నీ ఆపేసి, పేరు పెట్టి మూడుసార్లు పిలిచి, చప్పుడు లేకుండా ఉండటం. అది దింపుడు కల్లం కాదూ?" అబద్ధం చెప్పడానికి ఈదమ్మ నోరు తెరిచింది గానీ, ఆ తల్లి కళ్లలో కోపం లేదు, భయం ఉంది, కోపం ఉంటే అబద్ధం చెప్పవచ్చు, భయం ముందు చెప్పలేం. అవునమ్మా అంది. పాడె మోసుకుపోతూ దారి నడుమ దింపుతారు, డప్పులు ఆపేస్తారు, పోయినవాడి చెవి దగ్గర నోరు పెట్టి పేరుతో మూడుసార్లు పిలుస్తారు, ప్రాణం ఎక్కడన్నా దాక్కుని ఉంటే లేచి వస్తుందని. మూడోది పిలిచి, ఊరంతా ఊపిరి బిగబట్టి వింటారు. అయినవాళ్లు చెయ్యెత్తాకనే మళ్లీ పాడె లేస్తుంది, డప్పు మోగుతుంది. "మా వైపూ ఉందమ్మా అది. మా మావగారు పోయినప్పుడు మా ఆయనే పిలిచారు. పిలవాల్సింది కొడుకు కదా! వాళ్ల నాన్న నిక్షేపంగా ఉండగా నా బిడ్డ ఇంకొకరికి కొడుకై పిలవడమేంటి, నువ్వే చెప్పు. వాళ్లకేం తెలుసు, బావుందనుకున్నారు. ఆ పిలుపు వాడి నోట రాకూడదని ఒట్టు వేయించుకున్నాను. పాట పాడుకోనీ, నేను వద్దనను." సరే అమ్మా అంది ఈదమ్మ. సరే అనడం అలవాటైన నోరు, అడిగీ అడగకముందే అనేస్తుంది. గ్లాసు కడగబోతే ఆమె లాక్కుంది, వద్దు వద్దు నువ్వు పెద్దదానివి అని. ఆ మంచితనమే ఎటూ తిరగనివ్వకుండా కట్టేసింది. తిడితే బాగుండేది.

దుండిగల్ వైపు పొద్దు దిగుతోంది. విమానాలు నేర్చుకునే పిల్లలు ఇవాళ్టికి చాలించినట్టున్నారు, ఆకాశం ఖాళీగా ఉంది. గ్రౌండు మూలన నాలుగు కాళ్ల మీద నీళ్ల ట్యాంకు, దాని కింద బోరు. ఆ బోరు వేసిన బండి మీద ఆమె మొగుడు కుర్మయ్య పనిచేశాడు. అప్పుడు ఇక్కడ ఇల్లు ఒక్కటీ లేదు, తంగేడు చెట్లు, గుండ్లు, సున్నం పూసిన ప్లాటు రాళ్లు. ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా రాతిపొడి, ముసలివాడి వేషం కట్టినట్టు ఉండేవాడు. "నీళ్లు వడ్డయే!" అని వాకిట్లోనే అరిచేవాడు. చెవులు పోయినవాళ్లంతా అంతే, తమకు వినబడేంత గట్టిగా మాట్లాడతారు. ఏళ్ల తరబడి ఆ కంప్రెషర్ పక్కన నిలబడ్డాడు, సుత్తి బండలోకి దిగే చప్పుడు మొదట కుడిచెవిని తినేసింది, తర్వాత ఎడమదాన్ని సగం. కూరలో ఉప్పు తగ్గిందని ఆయన అంటే వాళ్లూరు దేవరయాంజాల్ సగానికి తెలిసేది. మొగుడూ పెళ్లాల మధ్య గుట్టుగా ఉండాల్సిన మాటలు గుట్టుగా ఎట్లా చెప్పుకుంటారు, చెవిలో చెప్పినా వినబడనివాడితో, అరచేతిలో వేలు పెట్టి గీసేది, రేపు బియ్యం తేవాలి అనేదానికి ఒక గీత, నాకు నీ మీద కోపం లేదు అనేదానికి ఇంకోటి. వెలుతురు రాకముందే బండి రోడ్డు మీదికొచ్చి హారన్ కొట్టేది, అది ఆయనకు తప్ప అందరికీ వినబడేది. అప్పుడు లేపడం ఆమె వంతు. రోజూ అరిచే అరుపుకు దానంతట అదే ఒక వరస వస్తుంది. లెవ్వయ్యో లే, పొద్దువొడిసె లే, బండి కూతవెట్టె లే, సద్ది గట్టిన లే, అడుగున నీళ్లున్నయి లే. ఎదురింటి వాళ్లు గడియారం కొనుక్కోలేదు, నీ గొంతు ఉండగా మాకెందుకు అనేవాళ్లు. లెవ్వయ్యో అనేదే తప్ప పేరు పెట్టలేదు ఎప్పుడూ. మొగుడి పేరు ఏ ఆడది అంటుంది. రాత్రి బడిలో సారు మీ ఆయన పేరేంటని అడిగితే తలొంచుకుని నిలబడింది, పక్కనున్న ఆమె చెప్పింది. అక్షరాలు వచ్చాక మాత్రం ఆ పేరు చూసి చదువుకుంది, లోపల్లోపలే. పలకడం తప్పని అందరూ చెప్పారు గానీ చదవడం తప్పని ఎవరూ చెప్పలేదు. తర్వాత ఈ పాట క్యాసెట్టు అట్ట మీద అచ్చులో చూసినప్పుడు, నిండు కళ్లతో కాసేపు అలాగే చదువుతూ ఉండిపోయింది, మూడక్షరాలే అయినా ఎంతసేపటికీ అయిపోలేదు.

"ఏంది పిల్లా, గట్ల నడుం ఇరిగినదాని లెక్క కూసున్నవ్? ఎనుకకు ఆను. కుర్సీ ఏమన్న కరుస్తదా?" అంది యాదవ్వ. "ఆనుతనే ఉన్న వదినె" అంది ఈదమ్మ, ఆనలేదు. యాదవ్వకు మధ్యాహ్నం సంగతి చెప్పలేదు. చెబితే ఇప్పుడే లేచిపోయి ఆ తెర ఎత్తి ఆ పిల్లాణ్ణి నిలదీస్తుంది. ఇవాళ తానంతట తానే వచ్చింది, బస్సు పట్టుకుని, ఎందుకొచ్చిందో చెప్పకుండా, చూద్దామని అంది అంతే. ఆ చేతులు చూస్తే ఆయన చేతులే, అదే పొట్టి వేళ్లు, అవే వెడల్పు గోళ్లు. ఆ చేతులతోనే ఆరోజు నన్ను పట్టుకుంది, ఆయన్ను పూడ్చిన బొందలగడ్డ దగ్గర, రెక్క నొప్పి పుట్టేట్టు.

గజ్వేల్ అవతల ఎక్కడో బోరు వేస్తున్నారు. రాడ్డు జారింది. తప్పుకో, తప్పుకో అని అరిచారట. అరిచామమ్మా, చాలాసార్లు అరిచాం అన్నారు బండివాళ్లు, ఆమె కాళ్లకు దండం పెడుతూ. అరిచే ఉంటారు. మామూలు మనుషులకు అరిచినట్టు అరిచి ఉంటారు. ఆయనకు ఎట్లా అరవాలో వాళ్లకేం తెలుసు. పెద్ద దవాఖాన నుంచి తెల్లగుడ్డలో చుట్టి వ్యానులో తెచ్చారు, వాన మొదలయింది, బయట పోయినవాణ్ణి ఊళ్లోకి తేకూడదన్నారు, రోడ్డు మీదినుంచే బొందలగడ్డకు మలిపారు. డప్పు లేదు. పాడె మోసే దారే లేదు, దారి లేకపోతే దారి నడుమ ఎక్కడ ఉంటుంది, దింపేది ఎక్కడ. ముసలాయన ఒకడు మాత్రం అడిగాడు, ఎవలన్న పిలుస్తరా అని. అందరూ ఈదమ్మ వైపు చూశారు, ఆమెకు కొడుకు లేడు, కూతురూ లేదు, ఆమె ఏమో పెళ్లాం, పేరు పలకరాదు. తోడబుట్టిన యాదవ్వ వైపు చూశారు. "కోసి కుట్టినంక ఎవలు లేస్తరు? ఎవల్ని పిలువమంటరు? ముయ్యుండ్రి, మట్టి ముయ్యుండ్రి" అంది యాదవ్వ. కోపంతో కాదు, తమ్ముణ్ణి అట్లా చూడలేక. ఆ మాటే ఆఖరి మాటయింది. మట్టి పడిన చప్పుడు, వాన చప్పుడు. పిలవకుండా పంపేశాం. చెవిటివాణ్ణి, పిలవకుండా పంపితే, తెలుస్తుందా వాడికి పోయానని, లేపడానికి ఎవరో వస్తారని అక్కడే పడుకుని ఉంటాడేమో. పిచ్చి ఆలోచన అని తెలుసు. తెలిసినా రోజూ వెలుతురు రాకముందు మెలకువ వచ్చేది, నోటిదాకా వచ్చేది, లెవ్వయ్యో అని, పక్కన చాప చుట్టి పెట్టి ఉండేది.

టప్ టప్. స్టేజీ మీద ఇప్పుడు ఇర్షాద్ కనబడ్డాడు, డ్రమ్ముల వెనక స్టూలు సర్దుకుంటున్నాడు, ఈమెను చూసి కర్ర ఎత్తి ఆడించాడు. నవ్వలేదు. వాడు నవ్వకపోవడం ఎప్పుడూ చూడలేదు. దూలపల్లిలో వాళ్ల నాన్న అమీర్ అలీది బోరు పైపుల షెడ్డు. కుర్మయ్య పోయాక అమీర్ సేటే పిలిచి, షెడ్డు ఊడ్చి, కనిపెట్టుకుని ఉండమని పని ఇచ్చాడు. వెనక గదిలో సాయంత్రాలు ఇర్షాద్, హర్ష, ఇంకో నలుగురు కాలేజీ పిల్లలు వాయించేవాళ్లు. రేకుల షెడ్డు, పైపుల నిండా గాలి, ఒక్క దెబ్బ కొడితే పైపులన్నీ కలిసి మూలిగేవి. అప్పుడు వాళ్లు పాడే పాటలు ఏ భాషలోవో ఆమెకు తెలియదు, వాళ్లకు మాత్రం తెలుసా అనిపించేది. మొదటిసారి ఆమె గుమ్మంలో నిలబడితే చప్పుడు ఎక్కువైందని తిట్టడానికి వచ్చిందనుకుని ఆపేశారు. "ఇంకింత పెద్దగ రాదా బిడ్డా?" అని అడిగింది. ఇర్షాద్ పడీపడీ నవ్వాడు. "సూడు భాయ్, మా అబ్బా గూడ పంఖా ఆపి, చప్పుడు తగ్గించుమని తిడ్తడు. దునియా మొత్తంల పెద్దమ్మ ఒక్కతే పెంచుమంటాంది." వాళ్లు పెంచారు. సుత్తి బండలోకి దిగినట్టు ఛాతీలోకి దిగింది ఆ చప్పుడు. అది తెలిసిన చప్పుడు. ఆయన కంప్రెషర్ పక్కన నిలబడి రోజంతా విన్నది ఇదే కదా, ఇంత పెద్దదానిలో నిలబడితే తన గొంతు తనకే వినబడదు కదా, మనిషి ఏమన్నా అనవచ్చు కదా అనిపించింది. ఆరోజు నుంచి వాళ్లు వాయించడం మొదలుపెట్టగానే చీపురు పట్టుకుని పైపుల వరస వెనక్కి పోయేది. పోయి అరిచేది. లెవ్వయ్యో లే, పొద్దువొడిసె లే. కొన్నాళ్లకు ఆ అయ్యో పోయి పేరు వచ్చింది. మొదటిసారి అన్నప్పుడు నాలుక మీద ఉడుకుడుకు అన్నం పెట్టుకున్నట్టయింది. ఎవరూ వినలేదు, తానూ వినలేదు. వినబడని తప్పు తప్పు కాదులే అనుకుంది. ఏడుపు కూడా ఆ చప్పుడు కిందే ఏడ్చేసి, మొహం కడుక్కుని, పిల్లలకు చాయ్ తెచ్చి ఇచ్చేది.

కరెంటు అంత పనీ చేసింది. చెప్పాపెట్టకుండా పోయింది ఒకరోజు, ఉన్నపళంగా గిటార్లు మూగబోయాయి, ఇర్షాద్ చేతులు గాలిలో ఆగాయి, ఆమె గొంతు మాత్రం ఆగలేదు, ఆగాలని తెలియలేదు. చీకటి షెడ్డులో, పైపుల గొట్టాల్లోంచి తిరిగి వచ్చిన తన అరుపు తానే విన్నది. లే కుర్మయ్యా లే. కుర్మయ్యా. నోరు చేత్తో మూసుకుంది గానీ పైపులు ఇంకా అంటూనే ఉన్నాయి, కుర్మయ్యా అని. సిగ్గుతో చచ్చిపోయింది. ఎవరో అగ్గిపుల్ల గీశారు. హర్ష మొహం కనబడింది, నోరు తెరుచుకుని. "ఈదమ్మగారూ, మళ్లీ ఒక్కసారి" అన్నాడు. గారు అన్నాడు. ఆమెను ఎవరూ గారు అనలేదు అంతవరకు, ఆ సమయంలో కూడా నవ్వొచ్చింది, నవ్వుతూ ఏడుస్తూ చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి వచ్చేసింది. మర్నాడు పోయేసరికి ఆ వరస గిటారులో వాయిస్తున్నాడు. దాని కింద ఇర్షాద్ డ్రమ్ముల మీద బోరుబండి మోత పెట్టాడు. పైపుల మధ్య పుట్టి పెరిగినవాడు, వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. "అబ్బా బోర్లు వేయించిండు, నేను జనాలకు బోర్ కొట్టిస్త" అని వాడే నవ్వాడు. కొట్టించలేదు. లెమ్మంటుంటే లేవకుండా ఉండలేని పాట అది, కాళ్లు వాటంతట అవే కదిలాయి, ఆమెవి కూడా, చీపురు పట్టుకునే. అయ్యో, ఏడుపు కదా ఇది, కాళ్లెందుకు ఆడుతున్నాయి అనుకుంది. చావుకు డప్పు కొడితే ఆడరా. ముసలోళ్లు పోతే ఎంత ఆడతారు. ఆయనకు ఆ ఆట కూడా దక్కలేదు.

"మీకు ఇష్టం లేకపోతే ఇక్కడితో వదిలేస్తాం" అన్నాడు హర్ష. మంచి పిల్లవాడు. "నువ్వు పిలుస్తవా బిడ్డా, నీ నోటితోని?" "నేనే పిలుస్తాను." "గట్టిగ?" "మీకెంత గట్టిగా కావాలంటే అంత." కరెంటు పోయినప్పుడు ఆగినట్టే అన్నీ ఆపేసి పిలుద్దామని అది వాడికే తోచింది. మూడుసార్లు అన్నది మాత్రం ఆమె. మూడోది అయినంక ఆగాలన్నది ఆమె. ఎంతసేపు ఆగాలి అంటే, నేను చెయ్యెత్తిందాక అంది. ఎందుకని వాడు అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇర్షాద్ మాత్రం అప్పటినుంచీ ఆ చోటికి రాగానే కర్రలు పైకెత్తి ఆమె చెయ్యినే చూసేవాడు. షెడ్డులో ఎన్నిసార్లు చెయ్యెత్తిందో. అయినా అది లెక్కలోకి రాదు, షెడ్డులో ఎవరున్నారు, పిలుపు నలుగురి నడుమ పిలవాలి, నలుగురూ ఆగి వినాలి. ఆ తల్లి అన్నదాంట్లో తప్పేముంది. వాళ్ల కొడుకుని అడగకుండా నా ఇంటి కొడుకుని చేసుకున్నాను. గిటారు మోసే భుజం మీద పాడె పెట్టాను. అయ్యో కొడుకా, నీకు చెప్పి ఉండాల్సింది.

స్టూడియోలో రికార్డు చేసి తెచ్చిన రోజు షెడ్డులో పెట్టి వినిపించారు. కుర్మయ్యా, కుర్మయ్యా, రెండుసార్లే, వెంటనే డ్రమ్ములు. చెయ్యి సగం లేచి అక్కడే ఉండిపోయింది. అక్కడి సౌండాయన కోసేశాడట, మూడోసారి ఎందుకు, మధ్యలో ఖాళీ ఉంటే టేపు ఆగిందనుకుంటారు అని. హర్ష తల గోక్కున్నాడు. "స్టేజీ మీద మీరు చెప్పినట్టే ఆగుతాం, ప్రామిస్" అన్నాడు. రెండుసార్లు పిలిచి తోలుకుపోయారు ఆయన్ను, ఆ రెండుసార్ల పాటే ఊళ్లు తిరిగింది. మేడ్చల్ ఆటోల్లో, శామీర్‌పేట చెరువు గట్టు మీదికి ఆదివారాలు వచ్చే కార్లలో, పెళ్లి బరాతుల్లో. షేరాటోలో మనుషుల మధ్య నలిగి కూర్చుని, వెనకనున్న డబ్బాలోంచి తన ఏడుపు తానే వినేది, పక్కనున్న కాలేజీ పిల్ల తొడమీద దరువు వేస్తుంటే, నీకు తెలుసా అమ్మా ఇది ఎవరి పేరో అని అడగాలనిపించేది, అడిగితే ఏమంటుంది, ఎవరాంటీ అంటుంది, నేనేమో చెప్పలేను. యాదవ్వ ఊళ్లోనే ఒక పెళ్లి ఊరేగింపులో విన్నది. ఆ రాత్రే వచ్చి వాకిట్లో నిలబడింది. "పోరగాండ్లు తాగి ఎగురుకుంట నా తమ్ముని పేరు ఒర్రుతున్నరు! బజార్ల పడేస్తివి గదనే. సిగ్గు లేదానే నీకు?" ఈదమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపలేదు. "ఒర్రితెనే గద వదినె, ఆయనకు ఇనవడేది." అంతే అంది. యాదవ్వ గడప మీద కూలబడింది. "గంత ఒర్రుడు మేమెవలం ఒర్రలే" అంది. అన్నం పెడితే తిన్నది.

తెర కదిలింది. వచ్చారు. హర్ష చొక్కా చేతులు మడిచి, మొహం కడుక్కుని వచ్చినట్టున్నాడు, ముందు వరసలో వాళ్లమ్మ పట్టుచీరలో, చేతిలో రుమాలు, పక్కన వాళ్ల నాన్న. పిల్లలు ఈలలు వేస్తున్నారు, వెనక కాలేజీ కుర్రాళ్ల గుంపు, గోడమీద ఇంకో వరస. ఇర్షాద్ కర్రలు రెండూ కొట్టాడు, ఒకటి రెండు మూడు నాలుగు, బోరుబండి లేచింది. కుర్చీ వణికింది, అంచు మీద కూర్చున్న నడుం గుండా ఎక్కింది ఆ వణుకు. లే లే లే, పొద్దువొడిసె లే. హర్ష గొంతులో ఆ మాటలు ఇవాళ ఇంకొకలా ఉన్నాయి, రాయి తగిలినప్పుడు బండి మోత మారినట్టు. బండి కూతవెట్టె లే. కుర్చీలు ఖాళీ అవుతున్నాయి, లేచి ఎగురుతున్నారు, చీరలు కట్టుకున్నవాళ్లు కూడా చప్పట్లు కొడుతున్నారు, సద్ది గట్టిన లే, ఎవరో ముసలాయన చేతికర్ర పైకెత్తి ఊపుతున్నాడు, అంతా వెలుతురు, దుమ్ము, అడుగున నీళ్లున్నయి లే, ఇదే దారి, ఇదే ఆయన పాడె నడవని దారి, ఇప్పుడు నడుస్తోంది, అందరి భుజాల మీద. ఇంకొక చుట్టు. ఇంకొకటి. ఇప్పుడు. ఈ దెబ్బకు. ఆగింది.

అన్నీ ఆగాయి. హర్ష మైకు ముందు నిలబడ్డాడు. నోరు తెరిచాడు. వాళ్లమ్మ వైపు చూశాడు, ఈదమ్మ వైపు చూశాడు, నోరు మూశాడు, ఒక అడుగు వెనక్కి వేసి తల దించుకున్నాడు. ఒట్టు నిలుపుకున్నాడు. బిడ్డా, మంచి పనే చేశావు. ఈదమ్మ అదే అనుకుంది. మైకు ఒక్కటే నిలబడి ఉంది దీపం కింద. అంతలో వెనక గోడ మీదినుంచి ఎవడో అందుకున్నాడు, వాడికి క్యాసెట్టు కంఠతా వచ్చు, వాడితో గ్రౌండంతా అందుకుంది, కుర్మయ్యా! ట్యాంకు మీది పావురాలు లేచాయి. ఇంకోసారి, ఇంకా పెద్దగా, కుర్మయ్యా! అని, రెండు చేతులూ పైకెత్తి డ్రమ్ముల కోసం కాచుకున్నారు, క్యాసెట్టులో అంతే కదా, రెండే కదా. డ్రమ్ములు రాలేదు. ఇర్షాద్ కర్రలు గాలిలోనే పట్టుకున్నాడు, కళ్లు ఈదమ్మ చెయ్యి మీదే, చెయ్యి ఒళ్లోంచి లేవడం లేదు, ఇంకొకటి ఉంది, ఇంకొకటి మిగిలింది, ఎవరికీ తెలియదు మిగిలిందని. జనం అటూ ఇటూ చూసుకుంటున్నారు, ఎత్తిన చేతులు దిగుతున్నాయి. తానే అనాలా. ఇందరి నడుమ, మొగుడి పేరు. పక్కన కుర్చీ కిర్రుమంది. యాదవ్వ వక్కాకు ఉమ్మేసింది, లేచింది, కుర్చీ మీదే నిలబడింది, ఒక చెయ్యి ఈదమ్మ భుజం మీద వేసి పట్టు కోసం, ఆరోజు పట్టుకున్న చోటే, అంత గట్టిగానే.

"కుర్మయ్యా! లెవ్వురా తమ్మీ..."

మైకు లేదు. అక్కర్లేకపోయింది. ఆ గొంతు ఇళ్ల గోడలకు తగిలి తిరిగి వచ్చింది. అది పాట కాదని ఎవరు చెప్పారో, ఎట్లా తెలిసిందో, గ్రౌండంతా నిలబడిపోయింది. ఈలవేసే పిల్లాడు వేళ్లు నోట్లోనే పెట్టుకుని ఉండిపోయాడు. ముందు వరసలో బాలాత్రిపురసుందరమ్మ రుమాలు పెదవులకు అడ్డం పెట్టుకుని, మెల్లగా లేచి నిలబడింది, ఆమెను చూసి పక్కనున్న భర్తా లేచాడు. ఈదమ్మ విన్నది. తల ఎడమవైపు వంచి, ఆయన వినేటప్పుడు వంచినట్టు, విన్నది. ఎక్కడో కుక్క. నాగారం దారిన లారీ. అదీ పోయాక, మూలన ట్యాంకు నిండి పొర్లుతున్న చప్పుడు, గొట్టంలోంచి బండరాయి మీదికి సన్నగా, ఆగకుండా, నీళ్లు. ఇంతసేపూ అవి పడుతూనే ఉన్నాయేమో, ఎవరికీ వినబడలేదు. ఇంకొంచెం విన్నది. చెవిటివాడు, ఇంకొంచెం టైము ఇవ్వాలి. ఇచ్చింది. ఇంకెవరూ రారు. ఇగ పోదాంలే అయ్యా. మోయడానికి ఎంతమంది వచ్చారో చూడు.

ఈదమ్మ కుర్చీలో వెనక్కి ఆనుకుంది. చెయ్యెత్తింది.